గాజు పెట్టెలోకి రాని పడవలు

జువ్వలదిన్నెలో రేవు అంటే చాలాకాలం ఇసుకే. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని ఈ ఊరి మత్స్యకారులు వేట ముగించుకుని వచ్చాక పడవకు భుజాలు ఆనించి ఒడ్డు మీదికి నెట్టుకునేవారు. తెప్ప అయితే ఆ పని కూడా లేదు. తాళ్లు విప్పి, దుంగలను విడదీసి ఎండలో ఆరబెడితే సరి. కాంక్రీటు గోడలున్న హార్బరు ఇక్కడికి వచ్చింది మొన్నమొన్ననే. 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు, రాష్ట్రంలోని నాలుగు ఫిషింగ్ హార్బర్లకు ఒకేసారి శంకుస్థాపన జరిగింది. ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతో పాటు జువ్వలదిన్నె కూడా ఆ జాబితాలో ఉంది. 280 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో, వెయ్యికి పైగా బోట్లు నిలిచేలా దీన్ని తలపెట్టారు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. మనిషి లేకుండా తమంతట తామే నడిచే పడవలను తయారుచేసే యార్డుకు ఈ హార్బరు దగ్గరే భూమి ఇవ్వాలని నిర్ణయించింది.

ఇంత సముద్రం పక్కన పెట్టుకున్న జిల్లాలో, కావలిలోనో నెల్లూరులోనో ఎవరింటి హాల్లోనైనా షోకేసు ఓడ కనిపించిందంటే అది ఈ తీరపు పడవ కాదు. మూడు తెరచాప కొయ్యలు, డజనుకు మించిన తెరచాపలు, పక్కల్లో ఫిరంగుల కిటికీలు. కింద ఇత్తడి రేకు మీద విక్టరీ అనో, శాంటా మరియా అనో పేరు. ఎదురుగా ఉన్న తీరంలో ఎన్నడూ లంగరు వేయని ఓడలివి. ఇది కొన్నవాళ్ల తప్పేమీ కాదు, బజారులో దొరికేది అదే. మరి బజారుకు ఆ ఓడ ఎలా చేరింది, మన పడవ ఎందుకు చేరలేదు? దానికి నాలుగైదు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ఈ తీరానికి ఓడ బొమ్మ కొత్త అనుకోవడానికి వీల్లేదు. సాతవాహనులు వేయించిన సీసపు నాణేలలో రెండు కొయ్యల ఓడ ఉంది. వెనుక భాగాన పక్కలకు దిగిన చుక్కాని తెడ్లు కూడా అచ్చులో తెలుస్తాయి. క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటి ఈ నాణేలు కోరమాండల్ తీరంలోనే దొరికాయి. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరున కొన్నింటిని, యజ్ఞశ్రీ శాతకర్ణి పేరున కొన్నింటిని చరిత్రకారులు చెబుతారు. గోరంత లోహం మీద ఓడను గుర్తుపట్టేలా చెక్కాలంటే చెక్కినవాడికి ఏ భాగం వదిలేయకూడదో తెలిసుండాలి. అతను కొయ్యలను, చుక్కానిని ఉంచాడు. అలంకారం జోలికి పోలేదు.

యూరప్‌వాళ్లు వచ్చేనాటికి నెల్లూరు తీరానికి పెద్ద ఓడలు రావడం ఉంది గాని, ఒడ్డుకు చేరడం లేదు. ఇంగ్లీషు కంపెనీ 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకుంది. స్థలం ఇప్పించడంలో సాయపడిన ఆర్ముగ మొదలియారి పేరు మీద దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడి నుంచే ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెతుక్కుంటూ వెళ్లి మద్రాసును కుదుర్చుకున్నాడు. 1640లో కంపెనీ అక్కడికి తరలిపోయింది. ఆర్మగాన్‌లో గాని, మద్రాసులో గాని, మధ్యలోని ఏ ఊళ్లో గాని కథ ఒకటే. ఓడ లోతు నీళ్లలో లంగరు వేసుకుని ఊగుతూ ఉండేది. సరుకూ మనుషులూ ఒడ్డుకు రావాలంటే విరుచుకుపడే అలల వరసలు దాటాలి. ఓడ వెంట తెచ్చుకున్న యూరప్ పడవలు ఆ అలల్లో నిలవలేదు. నిలిచింది మసూలా.

ఆ మసూలాను కాస్త దగ్గరగా చూడాలి. ట్రింకోమలీలో ఓడల నిర్మాణం చూసుకున్న జాన్ ఎడై అనే ఇంగ్లీషువాడు 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోరమాండల్, మలబారు, సింహళ తీరాల పడవలన్నిటినీ కొలతలతో వర్ణించాడు. ఆయన లెక్కలో మసూలా పొడవు 30 నుంచి 35 అడుగులు. మామిడి పలకలు, పలచనివి. పలకకూ పలకకూ మధ్య మేకు లేదు. అంచుల వెంట రంధ్రాలు తొలిచి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేస్తారు. అతుకు మీద గడ్డినో పీచునో ఒత్తుగా పరిచి, దాన్ని కూడా కలిపి కుడతారు కాబట్టి నీళ్లు లోపలికి తేలిగ్గా రావు. వస్తే తోడిపోయడానికి ఒక మనిషి ఉంటాడు. పడవ లోపల పక్కటెముకల్లాంటి అడ్డ చెక్కలు ఒక్కటి కూడా ఉండవు.

చూడటానికి అమాయకపు పనిలా ఉంటుంది. దాని లెక్క మాత్రం గట్టిది. అల పడవను ఎత్తి ఇసుక మీద పడేసినప్పుడు బిగుతుగా మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బను మేకు దగ్గరే భరించాలి. మేకు ఊడుతుంది, లేదా పలక చీలుతుంది. కుట్టు పడవ వంగుతుంది, నలుగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. కొంతకాలానికి తాడు కుళ్లుతుంది. అప్పుడు కుట్లన్నీ విప్పి, అవే పలకలను కొత్త తాడుతో తిరిగి కుట్టుకుంటారు. మద్రాసులో 1860ల మొదట్లో ఇనుప పియర్ వచ్చేదాకా గవర్నరు దొర దగ్గర్నుంచి కొత్తగా వచ్చిన సోల్జరు దాకా అందరూ భూమి మీద కాలు పెట్టింది ఈ కుట్టు పడవ దిగే. 1985లో ఎరిక్ కెంట్లీ వీటి మీద వ్యాసం ప్రచురించే నాటికి కూడా ఆంధ్ర, ఒడిశా తీరాల్లో కుట్టు పడవలు వలలు మోస్తూనే ఉన్నాయి.

తెప్పది ఇంకా పాత కథ. తేలిక కర్ర దుంగలను ముందు కొన దగ్గర పైకి వంపు తిరిగేలా చెక్కి, పక్కపక్కన పేర్చి, రెండు చోట్ల తాడుతో బిగిస్తే తెప్ప. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల మీద రాసిన గ్రంథంలో తీరం వెంట తెప్ప ఎలా మారుతూ పోతుందో చూపించాడు. తమిళ తీరంలో తాడు కట్టు, ఉత్తరాంధ్రకు వచ్చేసరికి దుంగలను చీలలతో బిగించి పడవ ఆకారానికి దగ్గర చేయడం. నెల్లూరు తీరంలో పట్టపు మత్స్యకారుల తెప్ప తమిళ కుటుంబానికి చెందినది. ఆ కులస్థులు ఇంట్లో తమిళ యాస మాట్లాడుకున్నట్టే, సముద్రంలోనూ దక్షిణపు కట్టునే వాడారు. 1980లలో మద్రాసు కేంద్రంగా పనిచేసిన ఐక్యరాజ్యసమితి బంగాళాఖాత మత్స్య కార్యక్రమం ఇంజను బిగించిన ఫైబరు పడవలను ఆంధ్ర ఒడ్డున పరీక్షించింది. 2004 సునామీ తర్వాత పంచిన ఫైబరు బోట్లతో తెప్ప దాదాపుగా తెరమరుగైంది.

మూడోది ధోని, సరుకు ఓడ. ఎడై ధోని 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు. అడుగు చదునుగా ఉండే పెట్టెలాంటి ఓడ. చూడగానే ముద్దొచ్చే ఆకారం కాదు. ఎడైకి కూడా అదేమీ అందంగా తోచలేదు. కానీ ఇసుక మేటలున్న నదీ ముఖాల్లోకి దూరడానికి, నీళ్లు తగ్గినప్పుడు బురదలో నిటారుగా కూర్చోడానికి అదే సరైన ఆకారం. ఉప్పూ ధాన్యమూ నింపుకుని ఇవి తీరం వెంటా, సింహళానికీ తిరిగాయి. నెల్లూరు జిల్లాలో వీటి పని కొంత బకింగ్‌హామ్ కాలువ లాక్కుంది. 1806లో మద్రాసు నుంచి ఉత్తరంగా తవ్వడం మొదలై, 1876-78 కరువులో కూలికి వచ్చిన జనం చేతుల్లో పొడవు పెరిగి, చివరికి పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 400 కిలోమీటర్లు దాటిన కాలువ అది. జువ్వలదిన్నె లాంటి తీర గ్రామాలకు సముద్రం ఒక పక్క, కాలువ మరో పక్క. కాలువ పడవను గెడలతో తోసేవారు, గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, రెండూ కుదరనప్పుడు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవారు.

పెద్ద ఓడలు కట్టిన తెలుగువాళ్లు ఉత్తరాన ఉన్నారు. 1669-79 మధ్య బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ నరసాపురంలో ఓడలు కట్టే పనిని మెచ్చుకుంటూ రాశాడు. మంచి కర్ర, ఇనుము, నైపుణ్యం ఉన్న వడ్రంగులు అక్కడే దొరుకుతారని ఇంగ్లీషు వర్తకులు ఏటా ఓడలు కట్టించుకునేవారట. ఆయన తన రాతప్రతిలో మసూలాకూ తెప్పకూ బొమ్మలు కూడా గీసుకున్నాడు. ఆ తర్వాతి పేరు కోరంగి. గోదావరి ముఖాన ఉన్న ఈ రేవులో ఓడలు కట్టారు, మరమ్మతు చేశారు, రంగూను దాకా నడిపారు. 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ఊరిని ముంచెత్తాయి. రెండో దెబ్బ తర్వాత అది మునుపటి కోరంగి కాలేదు.

కోరంగి ధోనికి మాత్రం ఒక అదృష్టం పట్టింది. ఫ్రెంచి నౌకాదళంలో ఫ్రాంస్వా ఎడ్మన్ పారీ అనే యువ అధికారి ఉండేవాడు. 1830-32 మధ్య లా ఫావరిత్ ఓడ మీద ప్రపంచం చుట్టి వస్తూ, ఆగిన ప్రతి రేవులో స్థానికుల పడవలను కొలతలు తీసి గీశాడు. తోటి అధికారులు కోటల బొమ్మలో, కొండల బొమ్మలో వేసుకుంటుంటే ఈయన జాలరి పడవ అడుగున దూరి టేపు పట్టాడన్నమాట. 1841-43లో వెలువడిన ఆయన మహాగ్రంథంలో కోరమాండల్ కుట్టు పడవ, తెప్ప, కోరంగి ధోని ప్లాన్లతో సహా ఎక్కాయి. ఆ మనిషే అడ్మిరల్ అయి, 1871 నుంచి 1893లో చనిపోయేదాకా లూవ్రలో ఉన్న నౌకా మ్యూజియానికి అధిపతి అయ్యాడు. తన ప్లాన్ల ఆధారంగా యూరపేతర పడవల నమూనాలు వరసగా చేయించాడు. ఈనాడు గోదావరి ముఖాన ఎక్కడా ఆనవాలు లేని ఓడ ఆకారం కావాలంటే పారిస్ కాగితాలు తిరగేయాలి.

లండన్‌కూ ఇలాంటివే వెళ్లాయి. 1851 మహా ప్రదర్శనలో భారత విభాగంలో దేశవాళీ పడవల నమూనాలు ఉంచారు. కంపెనీ అధికారులు సీమకు వెళ్తూ మసూలా, తెప్ప బొమ్మలను జ్ఞాపికలుగా పట్టుకెళ్లారు. ఇవి చేసినవాళ్లు ఎక్కువగా ఇక్కడి వడ్రంగులే. కొన్నవాళ్లు మాత్రం బయటివాళ్లు. ఒడ్డున ఉన్నవాడికి పడవ బొమ్మ అక్కర్లేదు, పడవే ఉంది. పడవ పోయాక బొమ్మ కావాలనిపించేసరికి చేసే చేతులు లేవు.

ఇక విక్టరీ లాంటి ఓడలు షోకేసులోకి ఎలా వచ్చాయి? పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు నౌకా మండలి కోసం చేసిన నమూనాలు మొదటి తరం. ఓడ అడుగు భాగానికి పలకలు కొట్టకుండా లోపలి అస్థిపంజరం కనిపించేలా వదిలేసేవారు. వాటిని రాజులూ, శామ్యూల్ పెపీస్ లాంటి పెద్ద అధికారులూ దాచుకున్నారు. తయారైన ఓడ బొమ్మను డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు మాత్రం ఒక జైలు గేటు దగ్గర ఊపందుకుంది. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచి నావికులను ఇంగ్లండులో నార్మన్ క్రాస్ వంటి శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉంచారు. వాళ్లు వంటశాలలో మిగిలిన ఎముకలను సాపు చేసి పలకలుగా కోసి, వెంట్రుకలతో తాళ్లు పేని, యుద్ధనౌకలు తయారుచేసి శిబిరం సంతలో అమ్ముకున్నారు. ప్లాన్లు లేవు, అంతా జ్ఞాపకమే. కొనేవాడు ఫిరంగులు ఎక్కువుంటే మెచ్చుతాడని ఫిరంగులు పెంచారు, పేరున్న ఓడ పేరు తగిలించారు. ఆనాటి ఆ చిట్కా ఇప్పటి షోకేసు ఓడల్లో చాలావాటికి ఇంకా పనికొస్తూనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఈ వ్యాపారానికి హిందూ మహాసముద్రంలోనే ఒక రాజధాని ఏర్పడింది. అది మారిషస్. స్వాతంత్ర్యం వచ్చిన 1968 ప్రాంతంలో క్యూర్‌పిప్ పట్టణంలో మొదలైన ఓడ నమూనాల పని, తర్వాత గుడ్‌లాండ్స్ వంటి చోట్లకు పాకి కుటీర పరిశ్రమ అయింది. మ్యూజియాల నుంచి ప్లాన్లు తెప్పించుకుంటారు. కర్ర కోసి ఓడ ఒడలు, అంటే దాని శరీరం, కట్టేది ఎక్కువగా మగవాళ్లు, తాళ్లు అల్లేది, తెరచాపలు కుట్టేది ఆడవాళ్లు. గుడ్డ పాతబడినట్టు కనిపించడానికి టీ డికాక్షన్‌లో ముంచుతారు. విక్టరీ, బౌంటీలతో పాటు తమ తీరంలో 1744లో మునిగిన సెంట్ జెరాన్‌ను కూడా వాళ్లు చేస్తారు. ఆ ఓడ ప్రమాదాన్ని 'పాల్ ఎ వర్జినీ' నవల ప్రపంచానికి తెలిసేలా చేసింది. అంటే స్థానిక కథ ఉన్న ఓడకు కొనేవాళ్లు దొరుకుతారని మారిషస్ ఎప్పుడో రుజువు చేసింది.

అక్కడి తెలుగువాళ్ల కథా ఓడతోనే మొదలవుతుంది. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడ కోరంగి నుంచి తెలుగు కూలీలను పోర్ట్ లూయీకి చేర్చింది. ఆ దీవిలో తెలుగువాళ్లకు ఆ రేవు పేరే స్థిరపడి చాలాకాలం కోరంగీలుగానే చలామణీ అయ్యారు. వాళ్ల వారసులు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు, రామభజన చేస్తారు. ఓడ నమూనాలకు పేరుపడ్డ దేశంలో, ఓడ పేరుతో చరిత్ర మొదలైన జనం ఉన్నారు. అయినా షాపుల్లో వరసగా కనిపించేవి యూరప్ యుద్ధనౌకలే. కోరంగి పాకెట్ నమూనా ఒకటి చేయించి మారిషస్ ఆంధ్ర మహాసభ వేదిక మీద పెడితే, అది అక్కడున్న ఏ విక్టరీకన్నా ఎక్కువ మందిని ఆపి నిలబెడుతుంది.

పశ్చిమ తీరంలో బేపూరువాళ్లు ఈ విషయంలో మనకన్నా తెలివిగా ఉన్నారు. ఉరువు అనే కర్ర ఓడలు కట్టే ఆ ఊళ్లో ఉరువు బొమ్మలూ చేసి అమ్ముతారు. కోళికోడు వెళ్లినవాళ్లు ఒకటి కొని తెచ్చుకోవడం మామూలే. తెలుగు తీరంలో అలాంటి గౌరవం దక్కింది ఇనుప ఓడలకు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన విశాఖ సింధియా యార్డులో తయారైన జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దించాడు. 8,000 టన్నుల ఆ ఓడ స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1991లో తెరిచిన విశాఖ మ్యూజియంలో నౌకాదళపు ఓడల నమూనాలు వరసగా ఉంటాయి. పక్కన తెప్పకు కూడా అంతే గాజు, అంతే వెలుతురు ఇచ్చే మ్యూజియం ఒకటి ఈ తీరానికి బాకీ ఉంది. జువ్వలదిన్నె హార్బరులో ఒక గది సరిపోతుంది.

ఈలోగా ఇంటికి ఓడ కొనాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది తెరచాపల సంఖ్య కాదు, స్కేలు. విక్టరీ మొత్తం పొడవు దాదాపు 69 మీటర్లు. నూరో వంతుకు కుదిస్తే 69 సెంటీమీటర్లు, ఒక అలమార అర నిండిపోతుంది. అంత చిన్న కొలతలో తాడూ ముడీ దారప్పోగులంత సన్నగా ఉండాలి. చవక నమూనాల్లో ఒకే లావు దారంతో అన్నీ కట్టేస్తారు, దాంతో ఓడ కొయ్యలకు మోకులు చుట్టినట్టు కనిపిస్తుంది. ఎడై చెప్పిన 70 అడుగుల ధోనిని ఇరవై నాలుగో వంతుకు చేసినా 90 సెంటీమీటర్లు దాటదు. 35 అడుగుల మసూలా అదే లెక్కలో 45 సెంటీమీటర్ల లోపే. ఆ కొలతలో కుట్టు కంటికి ఆనుతుంది, తెడ్డు పట్టుకునే చోటు కూడా తెలుస్తుంది. తక్కువ తెరచాపలున్న పడవే షోకేసుకు ఎక్కువ పని చూపిస్తుంది.

ఒడలు ఒకే దుంగలో చెక్కినదా, పలక మీద పలక అతికినదా అనేది రెండో ప్రశ్న. పలకలు అతికినదానికి ధర ఎక్కువ, న్యాయమే. కానీ తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి జిగురు వదులుతుంది, ఇత్తడి నల్లబడుతుంది, తెరచాప గంజి బూజు పడుతుంది. అందుకని గాజు పెట్టె అలంకారం కాదు, అవసరం. పెట్టెకు కింద ఎక్కడో చిన్న రంధ్రం ఉంచి గాలి ఆడనివ్వాలి. నమూనాను కొయ్యలు పట్టుకుని ఎత్తకూడదు, ఎప్పుడూ ఒడలు కింద చేతులు పెట్టాలి. దుకాణంలో అమ్మేవాడు ఎలా ఎత్తుతున్నాడో చూస్తే అతనికి సరుకు సంగతి ఎంత తెలుసో తెలిసిపోతుంది.

ఇత్తడి రేకు మీద పేరుంటే, ఏ ప్లాన్ చూసి చేశారని అడగడం మూడోది. ప్లాన్ లేని విక్టరీ నార్మన్ క్రాస్ సంత సరుకే, కాకపోతే ఎముక బదులు కర్ర. ధోనికైతే పారీ ప్లాన్లు ఉన్నాయి, మసూలాకు ఎడై కొలతలూ హోర్నెల్ వర్ణనలూ ఉన్నాయి. తెప్పకు ఏ కాగితమూ అక్కర్లేదు. దుంగల మీద కూర్చుని వేటకు వెళ్లిన పెద్దలు జువ్వలదిన్నెలోనూ, ఇసకపల్లిలోనూ ఇంకా ఉన్నారు. వాళ్ల చేత ముడి వేయించుకుంటే చాలు.

మసూలా అని చెప్పి ఎవరైనా నమూనా చూపిస్తే ముందు లోపల వేలు పెట్టి తడమాలి. పక్కటెముకలు తగిలితే అది మసూలా కాదు. తగలకపోతే అతుకుల వెంట చూడాలి. కుట్లు పెన్నుతో గీసినవా, రంధ్రంలోంచి దారం నిజంగా అటువైపుకు వెళ్లిందా అని. అతుకు మీద పీచు ఒత్తు ఉందా అని. ఎక్కడైనా మేకు తల కనిపిస్తే ధర అడగకుండానే కింద పెట్టేయవచ్చు.